అసలు కాగితం, చెల్లని అప్పు
పాత ప్రభుత్వ బాండ్లను గుర్తుపట్టడం, విలువ కట్టడం గురించి సేకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ఈ గదిలో ఉన్నవారిలో నాణేలు, నోట్లు, తపాలా బిళ్లలు సేకరించేవారే ఎక్కువ. ప్రభుత్వాలు అప్పు తీసుకుని రాసిచ్చిన పత్రాలు, అంటే బాండ్ల దగ్గరికి వచ్చేసరికి మనవాళ్లలో సేకర్తలు తక్కువ, ఆశ పెట్టుకున్నవారు ఎక్కువ. తాతగారి పెట్టెలో దొరికిందనో, విదేశంలో ఉన్న అబ్బాయి వేలంలో కొన్నాడనో ఒక పెద్ద కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపుతుంటారు. పైన ఒక దేశం పేరు, దాని కింద బంగారు రుణమన్న ప్రకటన (అంటే అప్పును బంగారం విలువలో తీరుస్తామన్న మాట), అంచుల్లో సుళ్లు తిరిగిన నగిషీ, అడుగున వరసగా వడ్డీ కూపన్లు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎంత వస్తుందండీ?"

దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ ప్రశ్నను మూడుగా విడదీయాలి. ఈ కాగితం అసలుదేనా? దీన్ని చూపించి ఎవరి దగ్గరైనా డబ్బు వసూలు చేసుకోగలమా? సేకర్త దీనికి ఎంత ఇస్తాడు? మొదటిదానికి అవునన్న జవాబు వచ్చినంత మాత్రాన రెండోది తేలదు. రెండోదానికి కాదన్న జవాబు వచ్చినా మూడోది సున్నా అయిపోదు. పాత బాండ్ల పేరుతో జరిగే మోసమంతా ఈ మూడింటినీ కలగలపడం మీదే నడుస్తోంది. కాబట్టి ఈరోజు నేను చెప్పేదంతా వీటిని విడివిడిగా చూడడం గురించే.

నా చేతిలో ఉన్న ఈ బాండు చూడండి. వెనక వరసల్లో ఉన్నవారు తర్వాత దగ్గరికి వచ్చి చూడవచ్చు. ఇది 1913లో చైనా ప్రభుత్వం జారీ చేసిన పునర్వ్యవస్థీకరణ బంగారు రుణపు బాండు. ముఖ విలువ 20 పౌండ్లు, వడ్డీ 5 శాతం. మొత్తం రుణం 2 కోట్ల 50 లక్షల పౌండ్లు. రాచరికం కూలిపోయి ఏడాదిన్నర కూడా కాలేదు. తాత్కాలిక అధ్యక్షుడు యువాన్ షికాయ్ ప్రభుత్వానికి డబ్బు అత్యవసరం. బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్, రష్యా, జపాన్ దేశాల బ్యాంకులు ఐదు కలిసి అప్పిచ్చాయి. అమెరికా బ్యాంకులు కూడా ముందు ఉన్నాయి గానీ, విల్సన్ అధ్యక్షుడయ్యాక తప్పుకున్నాయి. వంద పౌండ్ల బాండును ప్రజలకు 90కి అమ్మారు, చైనా చేతికి అందింది 84. అంటే రెండున్నర కోట్ల అప్పు నెత్తిన వేసుకున్న దేశానికి దక్కింది 2 కోట్ల 10 లక్షలు. అందులోంచి పాత బాకీలు కోసుకున్నాక మిగిలింది ఇంకా తక్కువ.

ఆ అప్పుకు హామీగా పెట్టింది ఉప్పు పన్ను. ఆ పన్ను సరిగా వసూలవుతుందన్న నమ్మకం అప్పులవాళ్లకు లేదు. అందుకని పర్యవేక్షణకు ఒక అధికారిని పిలిపించారు. ఆయన పేరు సర్ రిచర్డ్ డేన్. అంతకుముందు ఆయన చేసిన ఉద్యోగం మన దేశంలోనే, ఎక్సైజు, ఉప్పు శాఖల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా. మన ఉప్పు మీద పన్ను వసూలు చేయడంలో ఆరితేరిన మనిషిని చైనా ఉప్పు మీదికి తీసుకెళ్లారన్నమాట. బాండును వట్టి బొమ్మగా చూసేవారికి ఇవేవీ కనబడవు. నాకు మాత్రం ఈ కాగితం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ ఉప్పు గుర్తుకొస్తుంది. సేకరణకు అర్థం ఇక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక కూపన్ల సంగతి. వడ్డీ ఏడాదికి రెండుసార్లు ఇచ్చేవారు. వాయిదా వచ్చినప్పుడల్లా ఒక కూపన్ కత్తిరించి బ్యాంకులో ఇవ్వాలి. ఈ బాండు గడువు 1960 దాకా ఉంది, కానీ 1939లో, జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా, చెల్లింపులు ఆగిపోయాయి. అందుకే ఈ రోజు మనకు దొరికే బాండ్లలో చాలావాటికి 1939 నుంచి 1960 వరకు కూపన్లు అలాగే అంటుకుని ఉంటాయి. ఎవరైనా 1913 నాటి మొదటి కూపన్‌తో సహా అన్నీ ఉన్న బాండు చూపిస్తే సంతోషించే ముందు ఆలోచించండి. పాతికేళ్ల పాటు వడ్డీ వస్తుంటే ఒక్క కూపన్ కూడా కత్తిరించకుండా ఎవరు దాచుకుంటారు? అమ్ముడుపోకుండా మిగిలినదైనా కావాలి, నమూనా కోసం ముద్రించినదైనా కావాలి, లేకపోతే ఈ మధ్య తయారైనదైనా కావాలి. ఇంకొక చిన్న పరీక్ష కూడా ఉంది. బాండు మీద ఉన్న సంఖ్యే ప్రతి కూపన్ మీదా ఉండాలి. ఒక్క అంకె తేడా వచ్చినా రెండు వేర్వేరు కాగితాలను జత చేశారని అర్థం.

అసలుదా కాదా అన్నది కంటితో తేల్చుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఒక అతినీలలోహిత దీపం, పగటి వెలుతురు చాలు. ముందు భూతద్దం. ఆ కాలంలో ఖరీదైన బాండ్లను ఉక్కు పలక మీద చెక్కి అచ్చువేసేవారు. గాట్లలో సిరా నింపి కాగితాన్ని దాని మీద బలంగా అదిమేవారు. అందుకే గీతలు వేలికి కొద్దిగా ఉబ్బెత్తుగా తగులుతాయి. అద్దంలో చూస్తే గీత తెగకుండా, నిండుగా ఉంటుంది. ఈ కాలపు నకలులో అదే గీత రంగురంగుల చుక్కలుగా విడిపోతుంది. ఆ చుక్కలు కనిపించాక ఇక వేరే సాక్ష్యం అవసరం లేదు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. సిరా ఉబ్బెత్తుగా లేనంత మాత్రాన నకిలీ అనకండి. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాలు జారీ చేసిన బాండ్లు చాలావరకు రాతి అచ్చులో వేసినవే. ఉక్కు మీద చెక్కే పనివాళ్లలో ఎక్కువమంది ఉత్తరాదిలో ఉండిపోయారు. కొలంబియా నగరంలోని ఎవాన్స్ అండ్ కాగ్స్‌వెల్ వంటి సంస్థలు ఉన్న సాధనాలతోనే అచ్చువేశాయి. ఆ బాండ్లు నునుపుగానే ఉంటాయి, అసలువే. ఏ దేశం ఏ ఏడాది ఏ పద్ధతిలో అచ్చువేయించిందో ముందు తెలుసుకోవాలి, ఆ తర్వాతే వేలితో తడిమి చూడడం.

కాగితం మనిషికన్నా నిజాయతీగా మాట్లాడుతుంది. ఇప్పటి తెల్లకాగితాల్లో తెలుపు మెరవడానికి కలిపే రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే పరిశ్రమలో వాడుకలోకి వచ్చాయి. గది చీకటి చేసి అతినీలలోహిత దీపం కింద పెట్టండి. 1913 నాటిదని చెప్పే కాగితం మొత్తం నీలి తెలుపులో వెలిగిందంటే అది 1913 నాటిది కాదు. ఒక మూల మాత్రమే వెలిగితే అక్కడ తర్వాతి కాలంలో అతుకు వేశారేమో చూడాలి. అలాగే పగటి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని నీటిగుర్తు (వాటర్‌మార్క్) కాగితం లోపల ఉందో, పైన లేత సిరాతో అచ్చువేశారో గమనించండి.

సంతకాల విషయంలో మనవాళ్లు తొందరపడతారు. చాలా బాండ్ల మీద మంత్రుల సంతకాలు అచ్చువేసినవే, అందులో తప్పేమీ లేదు. పక్కన బ్యాంకు ఉద్యోగి చేత్తో పెట్టిన చిన్న సంతకం ఉంటుంది, అదే చూడాల్సింది. పాత ఇనుప సిరా కాలం గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది, కాగితపు పోగుల్లోకి ఇంకుతుంది. బాల్‌పాయింట్ పెన్ను గీత పైపైన జారి ఉంటుంది.

నేను అన్నిటికన్నా ఇష్టంగా చూసేది పన్ను ముద్రలు. లండన్‌లో జారీ అయిన బాండు ప్యారిస్‌లో చేతులు మారితే అక్కడి స్టాంపు పన్ను ముద్ర పడుతుంది. జర్మనీలో అమ్మితే అక్కడి ముద్ర. ఒక్కొక్క ముద్రా ఆ కాగితం ఎక్కడెక్కడ తిరిగిందో చెబుతుంది. నకిలీలు తయారుచేసేవాళ్లు ముఖచిత్రం మీద పెట్టినంత శ్రద్ధ వీటి మీద పెట్టరు. తేదీకి, ఊరికి, ముద్రకు పొంతన కుదరకపోవడం అక్కడే బయటపడుతుంది. కొంతమంది వీటిని మరకలనుకుని "శుభ్రమైన" బాండు కావాలంటారు. నాకు మాత్రం నాలుగు దేశాలు తిరిగి ముద్రలు వేయించుకున్న కాగితమే కావాలి.

ఇంతవరకు మొదటి ప్రశ్న. కాగితం అసలుదే అని తేలిందనుకుందాం. డబ్బు వస్తుందా?

జర్మనీ ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే ఇంతకన్నా స్పష్టంగా ఈ తేడాను చూపించేది నాకు తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1924లో 7 శాతం వడ్డీకి, 1930లో ఐదున్నర శాతం వడ్డీకి జర్మనీ విదేశాల్లో పెద్ద అప్పులు చేసింది. డాస్ బాండ్లు, యంగ్ బాండ్లు అంటారు. హిట్లర్ ప్రభుత్వం చెల్లింపులు ఆపేసరికి వాటి ధర పడిపోయింది. ఆ పడిపోయిన ధరకే జర్మనీ వాటిని తిరిగి కొనుక్కుంది. అంటే ఆ బాండ్ల మేరకు అప్పు తీరిపోయింది. అయితే వాటిని రద్దు చేసి చింపాల్సింది పోయి బెర్లిన్‌లో ఖజానాలో పెట్టుకున్నారు. 1945లో సోవియట్ సైన్యం వచ్చింది, ఆ కాగితాలు మాయమయ్యాయి. తర్వాత అవి లోకం మీద పడ్డాయి. అచ్చు అసలుది, సంతకం అసలుది, సంఖ్య అసలుది. అప్పు మాత్రం తీరిపోయింది. అందుకే పశ్చిమ జర్మనీ 1952లో చట్టం చేసి, 1945 జనవరి 1 నాటికి ఈ బాండు జర్మనీ బయట ఉందని రుజువు చేసిన వారికే చెల్లిస్తామంది. అలా ధ్రువీకరించిన బాండ్లకు సంబంధించిన ఆఖరి చెల్లింపు 2010 అక్టోబరు 3న జరిగింది. ధ్రువీకరణ లేని బాండ్లతో అమెరికా కోర్టులకు వెళ్లినవారు వట్టి చేతులతో తిరిగొచ్చారు.

చైనా బాండ్ల సంగతీ ఇలాంటిదే. 1911 నాటి హుకువాంగ్ రైల్వే బాండ్ల మీద కొందరు అమెరికన్లు 1979లో అలబామాలో దావా వేశారు. చైనా కోర్టుకు రాలేదు. 1982లో 4 కోట్ల 10 లక్షల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు వచ్చింది. రెండేళ్లకే అదే కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది, 1986లో పై కోర్టూ దానికే మొగ్గింది. బ్రిటన్ మాత్రం వేరే దారి పట్టింది. లండన్ మార్కెట్‌లో చైనా మళ్లీ అప్పు తీసుకోవాలంటే పాత లెక్క తేలాలని పట్టుబట్టి, 1987లో 2 కోట్ల 35 లక్షల పౌండ్లకు ఒప్పందం చేసుకుంది. ఆ డబ్బు కూడా అప్పట్లో దరఖాస్తు పెట్టుకున్న బ్రిటిష్ హక్కుదారులకే. ఈ రోజు వేలంలో ఈ బాండు కొన్నవారికి అందులో వాటా లేదు. అయినా "వడ్డీ మీద వడ్డీ లెక్కేస్తే ఒక్కో బాండుకు కోట్లు" అని చెప్పి అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు చూపించే కాగితం చాలాసార్లు అసలుదే! బాధ కలిగించేది కూడా అదే. నిపుణుడి చేత అసలుదేనని ధ్రువపత్రం ఇప్పిస్తారు, కొనేవాడు దానిని చెల్లుబాటుకు ధ్రువపత్రం అనుకుంటాడు.

అసలు కాగితమే లేని మోసం కూడా ఉంది. 2009 జూన్‌లో ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులో కియాసో దగ్గర ఇద్దరు ప్రయాణికుల పెట్టె అడుగున అమెరికా బాండ్ల పేరుతో 13,450 కోట్ల డాలర్ల కాగితాలు దొరికాయి. ఒక్కొక్కటి 50 కోట్ల డాలర్లవి 249, వంద కోట్లవి 10. కెనెడీ బాండ్లని పేరు పెట్టిన ఆ పదింటిని అమెరికా ప్రభుత్వం ఎన్నడూ జారీ చేయలేదు. ఇలాంటివాటికి భూతద్దం కూడా అక్కర్లేదు. జారీ అయిందో లేదో చూస్తే చాలు.

దీనికి పూర్తిగా తిరగేసిన ఉదాహరణ ఒకటుంది. 1822లో గ్రెగర్ మెక్‌గ్రెగర్ అనే స్కాట్లాండు సాహసి మధ్య అమెరికాలో పోయెస్ అనే దేశానికి తాను పాలకుడినని చెప్పుకుని లండన్‌లో 2 లక్షల పౌండ్ల రుణం సేకరించాడు. ఆ దేశం లేదు. నమ్మి ఓడెక్కిన వలసదారులకు అడవి తప్ప ఏమీ కనబడలేదు, చాలామంది అక్కడే చనిపోయారు. ఆ బాండు విలువ జారీ అయిన రోజునే సున్నా. సేకర్తలు మాత్రం ఈ రోజు దాని కోసం పోటీ పడతారు. 1822 నాటి అసలు కాగితం కాబట్టి.

చెల్లే పాత బాండ్లు అసలే లేవనుకోకండి. నెదర్లాండ్స్‌లో లెక్ నది గట్ల సంరక్షణ సంస్థ 1648లో మేకతోలు మీద రాసిచ్చిన బాండు ఒకటి 2003లో యేల్ విశ్వవిద్యాలయం దాదాపు 24,000 యూరోలకు కొన్నది. దానికి గడువంటూ లేదు. 2015లో ఆ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వెళ్లి పన్నెండేళ్ల వడ్డీ, 136 యూరోల 20 సెంట్లు, వసూలు చేసుకొచ్చాడు. బాధ్యత వహించే సంస్థ వరస తెగకుండా ఈ రోజుకీ ఉంటే, ఒప్పుకుంటే, అలా జరుగుతుంది. వడ్డీ ఎంత వచ్చిందో, కొన్న ధర ఎంతో పోల్చి చూసుకోండి. దానికి ధర తెచ్చింది వడ్డీ కానే కాదు.

మూడో ప్రశ్న, ధర. ఎన్ని జారీ అయ్యాయి, వాటిలో ఎన్ని తీరిపోయి నాశనమయ్యాయి, ఎన్ని మిగిలాయి అన్నదే ఇక్కడ మొదటి లెక్క. రష్యాలో జార్ చక్రవర్తుల కాలపు బాండ్లు ఫ్రాన్స్‌లో లక్షల ఇళ్లలో ఉండేవి. 1918 ఆరంభంలో బోల్షెవిక్ ప్రభుత్వం ఆ అప్పులు చెల్లవని ప్రకటించింది. 1996లో రష్యా 40 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నా అది హక్కుదారులకు సముద్రంలో కాకిరెట్టంత. అంతటి చరిత్ర ఉన్నా, అవి కట్టలు కట్టలుగా మిగిలాయి కాబట్టి మామూలు రకాలు చవకగానే దొరుకుతాయి. నేను చూపించిన చైనా 20 పౌండ్ల బాండు కూడా పదుల నుంచి కొన్ని వందల డాలర్ల మధ్యే ఉంటుంది. ముఖ విలువ ఎక్కువ ఉన్న రకాలకు ధర ఎక్కువ పలుకుతుంది, కారణం అవి తక్కువ అచ్చయ్యాయి, తక్కువ మిగిలాయి.

అరుదు అనుకున్నది ఒక్క రోజులో అరుదు కాకుండా పోవచ్చు. బెర్లిన్‌లో పాత రైష్‌బాంక్ (అప్పటి జర్మనీ కేంద్ర బ్యాంకు) భవనంలో నిలవ ఉండిపోయిన పాత వాటాపత్రాలు, బాండ్లు 2003 నుంచి వేలానికి వచ్చాయి. అప్పటిదాకా గొప్ప ధర పలికిన ఎన్నో జర్మన్ పత్రాలు చవకైపోయాయి. కాబట్టి అమ్మకందారు అడిగే ధర చూసి మోసపోకండి. పెద్ద వేలం సంస్థల పాత ఫలితాల్లో అదే రకం, అదే స్థితిలో ఉన్నది నిజంగా ఎంతకు అమ్ముడుపోయిందో వెతకండి. కొనేవాడు కట్టే కమిషన్ ఆ అంకెలో కలిసి ఉందో లేదో కూడా గమనించండి.

మన కాగితాల గురించి రెండు మాటలు. మన ఇళ్లలో దొరికేవి ఎక్కువగా గవర్నమెంట్ ప్రామిసరీ నోట్లు, అంటే కరెన్సీ కాదు, ప్రభుత్వం అప్పు తీసుకుని రాసిచ్చిన పత్రాలు. మూడున్నర శాతం 1842-43, 1854-55, 1865, మూడు శాతం 1896-97 రుణాల నోట్లు మన దేశంలో బాగా తిరిగాయి. వీటికి కూపన్లు ఉండవు. వెనక గళ్లు ఉంటాయి, వడ్డీ ఇచ్చినప్పుడల్లా ఖజానా ఆ గడిలో ముద్ర వేసేది. చేతులు మారినప్పుడు వెనక సంతకం పెట్టి రాసివ్వాలి. ముందువైపు చూసి పక్కన పెట్టకండి, చరిత్ర అంతా వెనకే ఉంది. నిజాం ప్రభుత్వ పత్రాలైతే ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే దాదాపు క్రీస్తు శకం వస్తుంది, ఫసలీ 1350 అంటే 1940-41. రూపాయి హాలీ సిక్కానా (నిజాం సొంత రూపాయి), కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయి) అన్నది కూడా చూడాలి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు మారకం ఉండేది.

ఇంట్లో దొరికిన భారత ప్రభుత్వ నోటు బాకీ తీరిందా లేదా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు. హైదరాబాద్‌లోని రిజర్వు బ్యాంకు కార్యాలయంలో పబ్లిక్ డెట్ ఆఫీసు ఉంది, అక్కడికి రాతపూర్వకంగా రాయండి. అలాగే 75 ఏళ్లు దాటిన చారిత్రక పత్రాలు 1972 పురావస్తు చట్టం కిందికి రావచ్చు. పురావస్తు శాఖను అడగకుండా విదేశాల్లో వేలానికి పంపకండి.

ఇప్పుడు ప్రశ్నలు.

ఒక శ్రోత: మా మామగారి కాగితాలు పాడైపోతాయని లామినేషన్ చేయించామండీ. తీయించవచ్చా?

తీయించే ప్రయత్నం చేయకండమ్మా. వేడికి ప్లాస్టిక్ జిగురు పోగుల్లోకి దిగి ఉంటుంది, లాగితే కాగితం చీలిపోతుంది. మార్కెట్ ధర దాదాపు పోయినట్టే, కుటుంబ జ్ఞాపకంగా దాచుకోండి. మిగిలినవాటికైనా లామినేషన్ వద్దు, సెలోటేపు వద్దు. పాలిస్టర్ కవరులో పడుకోబెట్టి, ఎండ, తేమ తగలకుండా ఉంచండి. మడత పెట్టి ఉన్నదాన్ని ఇస్త్రీ చేయకండి.

మరొక శ్రోత: మా బంధువుకు ఒకరు ఫోన్ చేసి, చైనా బాండ్లు ఉంటే విదేశీ బ్యాంకులో మార్చిపెడతాం, ముందు రుసుము కట్టండి అంటున్నారు.

ఒక్క రూపాయి కట్టవద్దని చెప్పండి. నిజంగా కొనేవాడు మీకు డబ్బిస్తాడు, మీ దగ్గర పుచ్చుకోడు. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 అనే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరుకు ఫోన్ చేయమనండి.

ఒక విద్యార్థి: కొత్తగా మొదలుపెట్టాలంటే ఏది కొనాలి సార్?

చవకగా దొరికే రష్యా రైల్వే బాండు ఒకటి కొనుక్కో బాబూ, కూపన్లు కొన్ని మిగిలినది. అదే బాండుకు ఇప్పటి రంగుల నకలు ఒకటి అచ్చు తీయించుకో. రెండూ పక్కపక్కన పెట్టి భూతద్దంలో అంచుల నగిషీ, సంఖ్యలు, ముద్రలు చూడు. దీపం కింద చూడు. తేడా నీ కంటికి అలవాటయ్యాకే ఖరీదైనదాని జోలికి వెళ్లు. కొన్న ప్రతిదానికీ రసీదు, వేలం చీటీ, అమ్మినవారి ఉత్తరం జాగ్రత్త చేసుకో. రేపు నువ్వు అమ్మేటప్పుడు కొనేవాళ్లు ముందు అడిగేది అదే.